భయం కూడా లక్షణమే

అచ్చాఫీసు, మేడమీద గది
జూన్ 6

బుజ్జీ,

నువ్వు అబద్ధం రాశావు. పొరపాటున కాదు, మరిచిపోయి కాదు, తెలిసి రాశావు. ఈ కాగితం చేతిలో పెట్టుకుని కిటికీ వైపు చూస్తున్నావే, నీతోనే మాట్లాడుతున్నాను. ఇటు చూడు.

హోమియో మందుల గది పెట్టి యాభై ఏళ్ళయిందని నాన్న జీవితాన్ని పుస్తకంగా వేస్తున్నారు, సంతోషం. రాసే పని రోగుల సంఘం నీకు అప్పజెప్పింది, ఇంకా సంతోషం. అచ్చుతప్పులు దిద్దమని నాకు పంపావు. నా పొట్ట గడిచేదే ఆ పనితో కాబట్టి దిద్దుతూ వచ్చాను. నలభై ఏడో పేజీ దగ్గర కలం ఆగిపోయింది. "ఆ ఏడాదే డాక్టరుగారి సతీమణి జ్వరంతో కాలం చేశారు."

ఏ జ్వరం? అప్పటికి నీకు నాలుగేళ్ళు, నాకు పదకొండు. అమ్మ ఒళ్ళు ఒక్కరోజు కాలలేదు. చేతులు వాలిపోయాయి. మణికట్టు నుంచి కిందికి, పిండి ఆరేసిన గుడ్డల్లా వేలాడేవి. గ్లాసును రెండు మణికట్ల మధ్య నొక్కిపట్టి తాగేది. దువ్వెన పట్టలేక నీ తల నాకు అప్పగించింది. నేను వేసిన మొదటి జడ చూసి పక్కింటివాళ్ళు "పిల్లకి కొమ్ము మొలిచిందా" అన్నారు. నువ్వు ఏడ్చావు. జ్వరమట.

నాన్న గొప్పవాడు కాదని నేననను. కంపెనీ డాక్టరు బల్ల మీదినుంచి తలెత్తకుండా చీటీ రాసి పారేసే రోజుల్లో, ఈ మనిషి గనిలో రాళ్ళెత్తే మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి గంటసేపు విన్నాడు. ఏ పక్కకి తిరిగి పడుకుంటావు, వేడినీళ్ళు హాయిగా ఉంటాయా చన్నీళ్ళా, కలలేమైనా వస్తాయా అని అడిగాడు. పేదవాడికి కలలొస్తాయని ఆ ఊళ్ళో మొదట ఒప్పుకున్నవాడు ఆయనే. ఆ మాట నా పత్రికలో నేనే రాశాను. అంతమాత్రాన అమ్మ చావుకి లేని జ్వరం తగిలిస్తే ఊరుకోను.

ఇంకోటి. పోయిన ఉత్తరంలో "నాన్నగారు పాత పని మళ్ళీ మొదలుపెట్టారు" అని ఒక ముక్క రాసి, వెంటనే ఎండల గురించి రెండు పేజీలు రాశావు. నువ్వు ఎండల గురించి రాస్తే నాకు చలి వేస్తుంది. ఏ పని?

అక్క


మందుల గది
జూన్ 15

అక్కా,

నీ ఉత్తరం వచ్చినప్పుడు నాన్నగారు ఎదురుగానే ఉన్నారు. నా మొహం చూసి "తుపాకి పేలిందా?" అన్నారు. "పేలిందండీ" అన్నాను. "గాయం ఎక్కడ?" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. నువ్వు అనుకున్నట్టు ఇది దెయ్యాల కొంప కాదు.

జ్వరం అని నాన్నగారే చెప్పారు, రాశాను. నాకు నాలుగేళ్ళని నువ్వే అంటున్నావు కదా, మరి నేనేం రాయను?

పాత పని అంటావా. గనిలో కొత్త బావి తవ్వాక మళ్ళీ మనుషులకి చేతులు వాలిపోతున్నాయి. కంపెనీ డాక్టరు తాగుడు అంటాడు, ఒళ్ళొంచని బద్ధకం అంటాడు. పోయిన వారం ఒకడు వచ్చాడు, చొక్కా గుండీలు పెళ్ళాం పెట్టి పంపింది. మన దగ్గర తప్ప వాడి మాట వినేవాళ్ళు లేరు.

నీకు పద్ధతి తెలుసు, అయినా చెప్తాను, వెక్కిరించకుండా చదువు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఏ వస్తువు ఏ బాధ పుట్టిస్తుందో, అదే వస్తువు కొద్ది మోతాదులో రోగిలో అదే బాధని తీస్తుంది. కాబట్టి కొత్త మందు కావాలంటే ముందు ఒక ఆరోగ్యవంతుడు దాన్ని తిని, తన ఒంట్లో జరిగే ప్రతిదీ రాసిపెట్టాలి. గని దగ్గర దొరికే తెల్లరాయి మీద నాన్నగారు ముప్పై ఏడేళ్ళ కింద ఈ పరీక్ష సగంలో ఆపేశారు. కళ్ళు మూసేలోగా పూర్తి చెయ్యాలని ఆయన పట్టుదల. ఒక వంతు రాయి, తొమ్మిది వంతుల పాలచక్కెర, కల్వంలో గంటసేపు నూరాలి. అందులోంచి ఒక వంతు తీసి మళ్ళీ తొమ్మిది వంతులతో నూరితే రెండో మెట్టు. అలా ముప్పై మెట్లు. ముప్పయ్యో మెట్టులో రాయి పేరు తప్ప రాయి ఉండదని నువ్వే కదా ఎగతాళి చేసేదానివి. మరి దిగులెందుకు?

మందు తినేవాళ్ళ పేరు బయటపెట్టకూడదన్నది నియమం. పుస్తకంలో "ఆరో మనిషి" అని మాత్రం ఉంటుంది. ముందు తిన్నవాళ్ళు రాసిపెట్టింది తర్వాతి మనిషి చదవకూడదన్నది ఇంకో నియమం. చదివితే లేని బాధలు ఉన్నట్టు అనిపిస్తాయట.

ఇక్కడ ఎండలు తగ్గాయి. (చలి వేసిందా?)

బుజ్జి


అచ్చాఫీసు
జూలై 2

బుజ్జీ,

అక్షరాలు చూసి బతికేదాన్ని నేను. నీ రాత గీతలు కొట్టినట్టు తిన్నగా ఉండేది. పోయిన ఉత్తరం నాలుగో పేజీ నుంచి ప్రతి వరసా కుడివైపు కిందికి జారింది. ఒత్తులు పక్క అక్షరాల మీద పడ్డాయి. మొదట నీ కలం బాగా లేదనుకున్నాను. తర్వాత నీ పాత ఉత్తరాలన్నీ బల్ల మీద పరిచాను. మే నెల నుంచీ జారుతూనే ఉంది.

ఆరో మనిషి ఎవరు?

రోగుల సంఘం పెద్దాయన కాదు, ఆయనకి రోగాలన్నీ ముందే ఉన్నాయి. నాన్న డెబ్భై ఆరేళ్ళవాడు, ఆరోగ్యవంతుల లెక్కలోకి రాడు. ఆ ఇంట్లో మిగిలింది ఎవరు? నియమం అడ్డం పెట్టి నా దగ్గర దాచకు. ఒక్క మాట రాయి, చాలు.

నేనే వచ్చేదాన్ని. మొన్నటి సమ్మె మీద రాసిన వ్యాసానికి నన్ను సొంత పూచీ మీద వదిలారు. ప్రతి సోమవారం ఠాణాలో సంతకం పెట్టాలి, ఊరు దాటకూడదు. రాసేవాళ్ళ నోరు ఎలా మూయాలో సర్కారుకి తెలుసు. మీ నాన్నగారికి ఇంట్లోవాళ్ళ నోరు ఎలా మూయాలో అంతకంటే బాగా తెలుసు. ఆయన పొగిడి మూస్తాడు.

అక్క


మందుల గది
జూలై 11

అక్కా,

నేనే.

ఎవరూ బలవంతపెట్టలేదు, అది ముందు రాసుకో. "మనిషి దొరకడం లేదమ్మా" అన్నారు. "నేను లేనా?" అన్నాను. అంతే జరిగింది.

ముప్పయ్యో మెట్టు మందు నెలరోజులు తిన్నాను. ఏమీ లేదు, కాస్త ఆకలి పెరిగింది. పన్నెండో మెట్టుకి దిగాం, ఏమీ లేదు. ఆరు, ఏమీ లేదు. ఆయన మొహం చిన్నబోయింది. నలభై ఏళ్ళ పని నా మొద్దు ఒంటి మీద వృథా అయిపోతున్నట్టు అనిపించింది నాకు. మూడుకి దిగాం, తర్వాత రెండుకి. ఇప్పుడు మొదటి మెట్టు, పూటకో చెంచాడు. నూరేది కూడా నేనే కాబట్టి ఆయనకి శ్రమ లేదు.

ఈ మెట్టుకి దిగిన పంతొమ్మిదో రోజు నోట్లో తాళంచెవి చప్పరించినట్టు రుచి. తర్వాత పొట్టలో మెలిపెట్టే నొప్పి, బొడ్డుని ఎవరో లోపలికి దారం కట్టి లాగుతున్నట్టు. చిగుళ్ళ అంచున పెన్సిల్‌తో గీసినట్టు నీలం గీత. అద్దంలో చూసి పరిగెత్తుకెళ్ళి చూపించాను. భయపడి కాదక్కా, సంబరంతో. నాన్నగారు భూతద్దం తెచ్చి చూసి, కుర్చీలో కూర్చుండిపోయారు. కళ్ళలో నీళ్ళు. "ఇంత స్పష్టమైన లక్షణం నా జీవితంలో ఇంకొక్కసారే చూశాను తల్లీ" అన్నారు. నన్ను ఆయన అలా చూడడం నాకు గుర్తున్నంతలో ఇదే మొదలు.

ఇక నువ్వు తిడతావు. తిట్టేముందు ఒకటి చెప్పు. కార్మికులు, కార్మికులు అని పాతికేళ్ళుగా రాస్తున్నావు. నీ పత్రిక చదివి ఎవరి చెయ్యి పైకి లేచింది? ఆయన వాళ్ళ కోసం సొంత ఇంటి మనిషిని పెట్టారు. నువ్వు కాగితం పెట్టావు.

బుజ్జి


అచ్చాఫీసు
జూలై 19

బుజ్జీ,

నా పత్రిక వల్ల ఒక్క చెయ్యీ లేవలేదు. ఒప్పుకున్నాను. ఆ తగువు తర్వాత పడదాం.

నీలం గీత అన్నావు. అమ్మ నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. సిగ్గనుకున్నాం. ఆ చెయ్యి కూడా లేవనప్పుడు మొహం పక్కకి తిప్పుకుని నవ్వేది. ఒకసారి పక్కనుంచి చూశాను నేను. గీత ఉంది.

నీ ఉత్తరం పట్టుకుని ఇక్కడి ఆస్పత్రిలో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. హోమియో అనలేదు, నాన్న అనలేదు. నోట్లో లోహం రుచి, కడుపు మెలి, చిగుళ్ళ గీత, వాలుతున్న రాత, అంతే చెప్పాను. ఆవిడ ఒకే ప్రశ్న వేసింది: "మీ చెల్లెలు ఏ ఫ్యాక్టరీలో పనిచేస్తుంది?" మందుల గదిలో అన్నాను. ఆవిడ కలం కింద పెట్టేసింది. నెత్తురు పరీక్ష చేయించమంది. ఒంట్లోకి పోతున్నదేదో ఆపమంది, ఇప్పుడే, ఈ పూటే.

ఆపెయ్యి. ఆపేశాక ఆకుపచ్చ బీరువా తెరువు. కింద అరలో మూడో మనిషి పుస్తకం ఉంటుంది. చదువు. ఆ మూడో మనిషి ఎవరో నీకు తెలియకపోతే, రాత చూడగానే తెలుస్తుంది.

నాకు భయంగా ఉంది. ఈ మాట నేను ఎవరికీ రాయలేదు ఇంతవరకు.

అక్క


మందుల గది
జూలై 30

అక్కా,

బీరువా తెరవలేదు. తెరిస్తే ఆరు నెలల పని బూడిదలో పోసినట్టే. అమ్మ రాసింది చదివాక నాకు పుట్టే నొప్పి నాదో అమ్మదో ఎలా తెలుస్తుంది? నియమం ఊరికే పెట్టలేదు.

కానీ మొన్న ఒకటి జరిగింది, నీకు చెప్పకపోతే ఊపిరి ఆడేట్టు లేదు.

పొద్దున తల దువ్వుకుంటుంటే దువ్వెన కింద పడింది. తీశాను, మళ్ళీ పడింది. కుడి మణికట్టు పైకి ఎత్తుదామంటే అది నా మాట వినలేదు. మనసులో ఎత్తుతున్నాను, చెయ్యి అక్కడే ఉంది. నాన్నగారి దగ్గరికి వెళ్ళాను. మా ఇద్దరి మధ్యా జరిగిన మాటలు ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"నాకు భయంగా ఉందండీ. ఆపేద్దాం" అన్నాను.

ఆయన పుస్తకం తెరిచారు. "ఎప్పటినుంచి?"

"ఇందాకటినుంచి."

"ఏ వేళకి ఎక్కువ? ఒంటరిగా ఉన్నప్పుడా, నలుగురిలో ఉన్నప్పుడా?"

"ఒంటరిగా ఉన్నప్పుడు. నాన్నగారూ, నేను లక్షణం చెప్పడం లేదు. ఆపమని అడుగుతున్నాను."

"దేని గురించి భయం? చావా, ఒళ్ళు చెడుతుందనా?"

"ఈ మందు గురించి."

ఆయన రాసుకున్నారు. చాలా శ్రద్ధగా, నా మాట ఒక్కటీ పోకుండా. ఎంత ప్రేమగా చూశారనుకున్నావు.

"నాకు నిజంగానే అనిపిస్తోందండీ" అన్నాను.

"నిజంగా అనిపించకపోతే అది లక్షణం ఎందుకవుతుంది తల్లీ?" అన్నారు.

ఏమన్నా రాసుకుంటారు. అరిస్తే కోపం అని రాస్తారు. మాట్లాడకపోతే ముభావం అని రాస్తారు. పారిపోతే అదీ రాస్తారు. సాయంత్రం చెంచా ఇచ్చారు. తిన్నాను. ఎందుకు తిన్నానో అడగకు.

ఇది ఎడమచేతి రాత. అచ్చుతప్పులు దిద్దకు.

బుజ్జి


అచ్చాఫీసు
ఆగస్టు 6

బుజ్జీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఊళ్ళో ఎవరి మాటా వినని వాళ్ళనే తిడుతూ వచ్చాను ఇన్నేళ్ళూ. అన్నీ విని, ఒక్కటీ వినిపించుకోనివాడు ఇంకా ప్రమాదం అని తెలుసుకోవడానికి ఇంత వయసొచ్చింది. కంపెనీ డాక్టరు రోగి మాట నమ్మడు. ఈయన నమ్ముతాడు, నమ్మి తన సిద్ధాంతం కింద సంతకం పెట్టించుకుంటాడు. ఆపమన్న మాటకి కూడా మందు పేరు పెట్టగలిగినప్పుడు, ఆ గదిలోంచి బయటికి రావడానికి మనిషికి ఏ మాట మిగిలింది? నేను రాజ్యాన్ని తిట్టేది ఇందుకే. ఇదే పని మన ఇంట్లో, మెత్తటి గొంతుతో జరిగింది.

నిన్ను అబద్ధాలకోరువని మొదలుపెట్టాను కదా. ఇప్పుడు నాది విను.

అమ్మ పోవడానికి రెండు వారాల ముందు నన్ను మంచం దగ్గరికి పిలిచింది. "నాన్నకి చెప్పు, నేనింక తిననని. నేను చెప్తే రాసుకుంటున్నారు. నువ్వు చెప్తే వింటారేమో" అంది. వెళ్ళి చెప్పాను. నాన్న నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. తియ్యటి తెల్ల మాత్రలు గుప్పెడు పోశాడు, మందు కలపనివి. "అమ్మ గొప్ప పని చేస్తోంది, అడ్డు పడకూడదు" అన్నాడు. ఆ మాత్రలన్నీ తినేశాను. నీకు ఒక్కటి పెట్టలేదు. అమ్మ "చెప్పావా?" అని అడిగింది. "చెప్పాను, సరే అన్నారు" అన్నాను.

సరే అన్నారు అన్నాను, బుజ్జీ. ఆ సాయంత్రం చెంచా రాగానే అమ్మ నా మొహం వంక చూసింది. ముప్పై ఏడేళ్ళుగా నేను లోకం మీద అరుస్తున్నది ఆ చూపుకి జవాబు చెప్పలేకే కాబోలు.

మీ ఊరి ఆస్పత్రిలో పెద్ద డాక్టరమ్మకి ఇక్కడి ఆవిడ చేత ఉత్తరం రాయించాను. నువ్వు వెళ్ళకపోతే ఆవిడే వస్తుంది. వస్తే తలుపు తియ్యి. వచ్చే సంచికలో ఇదంతా మొదటి పేజీలో వేస్తున్నాను. నీ చేతి ఫోటో కావాలి. ఊరు చూడాలి.

అక్క


ఆస్పత్రి, ఆడవాళ్ళ వార్డు, గోడవైపు మంచం
ఆగస్టు 23

అక్కా,

బతికే ఉన్నాను. ఇది నర్సమ్మ రాస్తోంది, నేను చెప్తున్నాను. ఒక్క మాటా మార్చవద్దని చెప్పాను. ఆవిడ నవ్వి "మార్చడానికి నాకు తీరికేదమ్మా" అంది.

నీ ఉత్తరం వచ్చిన మధ్యాహ్నం బీరువా తెరిచాను. మూడో మనిషి పుస్తకం మొదటి పేజీలో "ఆరోగ్యవంతురాలైన స్త్రీ, వయసు ముప్పై రెండు" అని ఉంది. నాకు అమ్మ రాత తెలియదనుకున్నాను. తెలుసు. నా రాతే అది. ఇరవయ్యో రోజు: "నోట్లో తాళంచెవి పెట్టుకున్నట్టు." తర్వాత పేజీల్లో వరసలు కుడివైపుకి జారాయి. తర్వాత రాత మారి నాన్నగారిదైంది, అమ్మ చెప్తే ఆయన రాశారు. చివరి పేజీలో "ఆపండి అంటోంది" అని మూడుచోట్ల ఉంది. పక్కన ఎర్ర సిరాతో: "మనసు: భయం. మందు మీద అనుమానం. మందు ప్రభావం." ఆ తర్వాత పన్నెండు రోజులకి తేదీలు వేసి ఉన్నాయి, ఎదురుగా ఖాళీ; అమ్మ చెప్పడం మానేసింది.

ఆయన బల్ల మీద నా పుస్తకం తీశాను. అదే మాట, అదే సిరా. చెప్పులేసుకుని నడిచి వచ్చేశాను. డాక్టరమ్మ ఆస్పత్రి గుమ్మంలోనే ఎదురైంది, మన ఇంటికే బయల్దేరుతోంది.

రాయిలో ఉన్నది సీసం. నా నెత్తుట్లో దాన్ని చూసి వాళ్ళు పరీక్ష రెండోసారి చేశారు. కుడి చెయ్యి కొంత రావచ్చు, పూర్తిగా రాకపోవచ్చు. గనివాళ్ళకీ అదే జబ్బని డాక్టరమ్మ ఆరేళ్ళుగా చెబుతోందట. ఒక్కడూ నెత్తురు ఇవ్వడానికి రాడట. ఆస్పత్రి మందులు ఒంట్లోకి పోతే మా మందు పనిచేయదని నాన్నగారు చెప్పారు కదా. ఆయన చెబితే వాళ్ళు చావడానికైనా సిద్ధమే, ఆయన ఒక్కరే వాళ్ళని కూర్చోబెట్టి విన్నారు.

నాన్నగారు రాలేదు. నిన్న రోగుల సంఘం పెద్దాయన చేత చీటీ పంపారు: "నీరసం వానకి ముందు ఎక్కువా, వాన తర్వాతా?"

నీ మాత్రల సంగతి చదివి ఏడ్చాను. నీ మీద కోపం లేదు, పదకొండేళ్ళ పిల్లకి అంత బరువు పెట్టినవాళ్ళ మీదుంది. కానీ చేతి ఫోటో అడిగావు చూశావా, అక్కడ ఆగాను. ఆయనకి నేను ఆరో మనిషిని. నీకు మొదటి పేజీని. ఇద్దరూ నా మంచం పక్కన కూర్చోకుండానే నా గురించి రాస్తున్నారు.

ఇది రెండు ప్రతులు రాయించాను. ఒకటి నీకు, ఒకటి ఆయనకి. నాకు కావలసినవి ఇవి:

1. మిగిలిన రాయి, పొడి, కల్వం ఆస్పత్రికి అప్పగించాలి. ఆ గదిలో ఇంకెవరూ దాన్ని నూరకూడదు, తినకూడదు.

2. నాన్నగారు గని గేటు దగ్గర నిలబడి, మనుషులు పనిలోంచి దిగే వేళకి, నెత్తురు పరీక్షకి వెళ్ళమని తన నోటితో చెప్పాలి. ఇంకెవరు చెప్పినా వాళ్ళు వినరు.

3. నలభై ఏడో పేజీలో జ్వరం కొట్టెయ్యాలి. అమ్మ దేనివల్ల పోయిందో, ఆపమని ఎన్నిసార్లు అడిగిందో ఉండాలి. లేకపోతే నా పేరుతో ఆ పుస్తకం రాకూడదు.

4. అక్క నన్ను అడగకుండా నా గురించి ఒక్క అక్షరం అచ్చు వేయకూడదు. గని గురించి ఎంతైనా వేసుకోవచ్చు.

5. అమ్మ పుస్తకం, నా పుస్తకం నాకు ఇచ్చెయ్యాలి.

6. నాన్నగారు నన్ను చూడడానికి రావాలి. ఎలా ఉందమ్మా అని అడగాలి. నేను చెప్పింది రాసుకోకూడదు.

బుజ్జి